మృత్యుముఖమున మేల్కొన్న మనుష్యులు

1886లో టాల్‌స్టాయి ప్రకటించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణము’ను, కొంతవఱకు తత్ప్రేరణచే కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’ చలనచిత్రమును కలిపి తలపోయునపుడెల్ల, మృత్యుజ్ఞానము మానవుని ఎచ్చటికి కొనిపోవునను ప్రశ్న నన్ను వెన్నాడుచుండును. బంధుమిత్రులెల్లరు మరణము సమీపించుటను మఱుగుపఱచి మాటలాడుచుండగా, రష్యను న్యాయాధికారియగు ఇవాన్ ఇల్యీచ్‌కు, తన కాళ్లను భుజములపై నిలుపుకొని రాత్రులు కూర్చుండిన గెరాసిమను యువసేవకుని నిష్కపటమైన దయయే ఊరటయయ్యెను. ‘ఇకిరు’లో, జపానునందు దాదాపు 30 ఏండ్లు కాగితములపై ముద్రలు వేసిన పురపాలకోద్యోగి వతనబె, తన ఉదరమున రాచపుండు పెరుగుచున్నదని యెఱిగిన పిమ్మట, మురుగుగుంట పూడ్పించి బిడ్డలకొక ఉద్యానము కట్టించుటకై కార్యాలయముల గడపగడపకు తిరిగి ప్రాధేయపడెను. ఒకరు ఆత్మశోధనచే భయవిముక్తులైరి, వేఱొకరు పరహితముచే ధన్యులైరి. ఈ రెండు మార్గములును మనకు ఆరోగ్యమున్నపుడే తెఱచియున్నవి. వ్యాధి వచ్చి హెచ్చరించువఱకు వానిని విడిచియుంచుట తగదని నా దృఢవిశ్వాసము.