హన్మకొండ ప్రీమియం, హైదరాబాద్ బిల్లు

నలభై దాటిన ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌కు జబ్బు చేస్తే ఆదుకునే పథకం వెతికినా దొరకదు. రేషన్ కార్డు లేదు కనుక ఆరోగ్యశ్రీ వర్తించదు. సర్కారు కొలువు కాదు కనుక ఈహెచ్‌ఎస్ లేదు. జీతం నెలకు 21,000 దాటింది కనుక ఈఎస్‌ఐ కూడా లేదు. మా స్టాఫ్‌రూములో చాలామందిది ఇదే పరిస్థితి. ఆపరేషన్ అంటే చిట్టీ ఎత్తడం, కాదంటే బంగారం కుదువ పెట్టడం. నాకు నిరుడు బీపీ మాత్ర మొదలయ్యాక, ఒంటరివాణ్ణి, నా పేరు మీదే ఒక ఆరోగ్య బీమా పాలసీ ఉండాలనిపించింది.

ఏజెంటు తెలిసిన మనిషే. “సార్, బీపీ సంగతి ఫారంలో రాయకండి. రాస్తే టెస్టులంటారు, ప్రీమియం పెంచుతారు. ఐదేళ్లు దాటితే ఎవరూ అడగరు” అన్నాడు. అందులో సగం నిజం ఉంది. మారటోరియం గడువును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించింది. తెగకుండా ఐదేళ్లు కట్టినవాళ్లకు, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారన్న పేరుతో క్లెయిం నిరాకరించకూడదు. మరి ఆ ఐదేళ్ల లోపే గుండెనొప్పి వస్తే? ఆస్పత్రిలో చేరగానే అడిగేదే బీపీ ఎన్నాళ్ల నుంచి ఉందని. చెప్పింది కేస్‌షీటులో ఉండిపోతుంది. ఐదేళ్లు దాటినా, తెలిసి దాచింది మోసం కాదని వాదించే ఓపిక నాకు లేదు. రాసేశాను. టెస్టులు చేశారు, ప్రీమియం కొంత పెంచారు, బీపీతో ముడిపడిన చికిత్సలకు మూడేళ్లు ఆగాలన్నారు. పాత జబ్బులకు నిబంధనలు అనుమతించే గరిష్ఠ గడువు అదే, 36 నెలలు.

అసలు కసరత్తు జోన్ల దగ్గర జరిగింది. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడదీసి ప్రీమియం నిర్ణయిస్తాయి. మహానగరాలకు ఎక్కువ, మాలాంటి ఊళ్లకు తక్కువ. నాకు మొదట చూపించిన పాలసీ అందుకే చవక. లోపలి పేజీలో ఒక షరతు ఉంది: పై జోన్‌లో చికిత్స చేయించుకుంటే బిల్లులో 20 శాతం మనమే కట్టాలి. జ్వరానికో, అపెండిక్స్‌కో హన్మకొండ చాలు. బైపాస్ అన్నా, క్యాన్సర్ అన్నా మా వైపు చాలామంది ఇప్పటికీ హైదరాబాద్ బయల్దేరుతారు. అంటే పెద్ద బిల్లు వచ్చేది సరిగ్గా ఆ షరతు వర్తించే ఊళ్లోనే. నాలుగు లక్షల బిల్లయితే 80,000 నా జేబులోంచి పోతాయి. ఏడాదికి రెండు వేలు మిగులుతాయని దీనికి ఒప్పుకోవడం లెక్కలు చెప్పేవాడికి తగదు.

రెండోది గది అద్దె. ఐదు లక్షల పాలసీలో ఒక శాతం పరిమితి అంటే రోజుకు 5,000. రోజుకు 8,000 గదిలో నాలుగు రోజులుంటే 12,000 మనం వేసుకుంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. ఆస్పత్రుల్లో గది స్థాయిని బట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు కూడా పెరుగుతాయి. అందుకే కంపెనీ వాటినీ అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులకు, కోస్తుంది. ఆ ఛార్జీలు 1,20,000 అయితే చేతికొచ్చేది 75,000. గది తేడాతో కలిపి 57,000 మన నెత్తిన పడతాయి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత ఉండదు, అదొక్కటే ఊరట.

ఇవన్నీ ఏజెంటు చెప్పలేదు. చెప్పకపోవడంలో దురుద్దేశం ఉందనీ అనుకోను, అతనికీ ప్రీమియం తప్ప ఇంకేదీ ఎవరూ నేర్పినట్టు లేదు. నేను ముందుగా ఆరోగ్య సంజీవని షరతులు చదివాను. 2020లో వచ్చిన ఆ ప్రామాణిక పాలసీలో ప్రధాన షరతులు ఏ కంపెనీలోనైనా ఒకటే కాబట్టి, మిగతావాటిని దాని పక్కన పెట్టి చూడటం తేలికయింది. పాలసీ వివరాల షీటు తెలుగులో కావాలని అడిగితే కంపెనీ ఇవ్వాలి. అడిగాను. కాస్త ఆలస్యంగా ఇచ్చారు గానీ, ఆ తెలుగు అర్థం కావడానికి ఇంగ్లీషు షీటు మళ్లీ తిరగేయాల్సి వచ్చింది.

చివరికి దేశమంతా ఒకే రకంగా చెల్లే, గది పరిమితి లేని పది లక్షల పాలసీ తీసుకున్నాను. ప్రీమియం పదహారు వేల చిల్లర. 2025 సెప్టెంబరు 22 తర్వాత కొన్నాను కనుక 18 శాతం జీఎస్టీ తప్పింది. కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఉన్నాను, ప్రీమియం మీద మినహాయింపు ఎలాగూ రాదు. కాగితాలు అందాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ గడువులోనే షెడ్యూలు తీసి, నేను చెప్పిన బీపీ అందులో నమోదైందో లేదో చూసుకున్నాను.

బీపీ తాలూకు మూడేళ్ల పూచీ మాత్రం నాదే. వచ్చే ఏడాది చిట్టీ ఎత్తాక ఆ డబ్బు కదపకుండా ఎఫ్‌డీలో వేద్దామని నా ఆలోచన. అమ్మేమో దాంతో మేడ మీద గది వేయించమంటోంది. ఇంకా తేలలేదు.