గుమ్మం దగ్గర కూర్చున్న అవ్వ



ఈ వారం మీతో మా తప్పు ఒకటి ఒప్పుకోవాలనుకుంటున్నాము. "మేము" అంటే ఈ సంఘమునకు సేవకులమైన మేమిద్దరమూ, మాతో కూర్చుండే పెద్దలూ. మీలో చాలామందికి ఈ సంగతి కొంత తెలుసు. కొంత తెలియదు.

మన మందిరములో నిన్నమొన్నటి వరకు సిమెంటు గచ్చే ఉండేది. వానాకాలం చెమ్మ పట్టేది, పిల్లలు కూర్చుంటే బట్టలు మాసేవి. మన కరీంనగర్ గుట్టల్లోని గ్రానైటు ఓడలెక్కి చైనా దాకా పోతుంది గానీ, దాని పక్కనే ఉన్న మన మందిరములో మాత్రం పగిలిన గచ్చేనా అని అందరికీ బాధగా ఉండేది. మూడేండ్లు కానుకలు పోగుచేశాము. కోత పండుగ వేలం డబ్బులు, వారం వారం అక్కలు తెచ్చే పిడికెడు బియ్యం అమ్మిన డబ్బులు, అన్నీ అందులోనే వేశాము. రెండు లక్షల పైచిలుకు అయ్యింది.

ఆ దినములలోనే మన సంఘములోని ఒక సహోదరుడు గల్ఫ్ నుండి తిరిగి వచ్చాడు. మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇది కొత్త సంగతి కాదు. గల్ఫ్‌కు మనిషి పోని వాడకట్టు లేదు. ఇతడు ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద పోయాడు. ఎనిమిది నెలలకే పని చేసే చోట చెయ్యి విరిగి ఇల్లు చేరాడు. చేసిన అప్పు అట్లనే ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీ, నెల నెలకూ పెరుగుతున్నది.

అతని భార్య ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది. నలభై వేలు చేబదులు కావాలని, చెయ్యి బాగుపడగానే కడతామని అడిగింది. పెద్దలము అరగంట మాట్లాడుకున్నాము. "అది దేవుని సొమ్ము. నేల కోసం ఎత్తిపెట్టింది. ముట్టుకోకూడదు" అనుకున్నాము. ఆమె తలమీద చేతులుంచి ప్రార్థన చేసి, అయిదు వందలు చేతిలో పెట్టి పంపించాము. తప్పు చేశామని ఆ రాత్రి మాకు అనిపించలేదు. నమ్మకముగా ఉన్నామనుకొని నిద్రపోయాము.

రెండు నెలలకు ఆ కుటుంబం ఇంటికి తాళం వేసి హైదరాబాదు పోయింది. ఒక అపార్టుమెంటులో అతనికి వాచ్‌మన్ పని, ఆమెకు నాలుగిండ్లలో పని దొరికింది. పిల్లల బడి మధ్యలో ఆగింది. ఇంటి వెనుక చిన్న గదిలో అతని తల్లి ఒక్కతే మిగిలింది.

గ్రానైటు పరిచి, ప్రతిష్ఠ చేసిన ఆదివారం మీకు గుర్తుండే ఉంటుంది. నేల అద్దంలా మెరిసింది. ఆ దినము ఆ అవ్వ బియ్యపు డబ్బా పట్టుకొని వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని పిలిచాము.

"వద్దు అయ్యగారూ, గీ బండ మీద కాలు జారుతది. నేను ఈడనే కూసుంట" అన్నది.

తరువాత డబ్బా మా చేతికిచ్చి మెల్లగా అన్నది: "కోడలున్నప్పుడు రెండు పూటలా పిడికెడు తీసేది. ఇప్పుడు నేనొక్కదాన్నే, ఒక్క పూటే వండుకుంటున్న. బియ్యం తక్కువైనయ్. ఏమనుకోకుండ్రి."

డబ్బాలో అడుగున నాలుగు పిడికిళ్ల బియ్యం ఉన్నది. ఆ దినము మేమేమి ప్రసంగించామో మాకే గుర్తు లేదు.

ప్రియులారా, మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొర్బాను గురించి మాట్లాడతాడు. తల్లిదండ్రులకు అందవలసినదానిని కొందరు దేవునికి అర్పితమని ప్రకటించి, ముసలివారిని ఒట్టి చేతులతో వదిలేశారు. ప్రభువు వారిని గద్దించాడు. ఆ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఎప్పుడూ పరిసయ్యుల వైపు వేలు చూపించామే గాని, మా బ్యాంకు పుస్తకము తెరిచి చూసుకోలేదు. లోకవస్తువులంటే కారు, బంగారం, రెండంతస్తుల ఇల్లు అనుకున్నాము. మందిరపు నేల కూడా ఒక వస్తువే. దానికి దేవుని పేరు పెట్టినంత మాత్రాన అది మనిషికంటే ఎక్కువ కాదు.

మందిరం కట్టడమే తప్పని మేము చెప్పడం లేదు. మెదక్ చర్చిని చూడండి. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ అయిన ఆ గొప్ప కట్టడం కరువులో ఆకలిగొన్నవారికి పని కల్పించి అన్నం పెట్టిందని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ గోడ లేస్తుంటే ఇండ్లలో పొయ్యి వెలిగింది. మా నేల పరుస్తుంటే ఒక ఇంటికి తాళం పడింది.

మరుసటి సోమవారం ఆ సహోదరునికి ఫోన్ చేసి క్షమించమని అడిగాము. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "పైసల గురించి కాదు అయ్యగారూ. నా భార్య వచ్చిన రోజు ఆమెను ఎవ్వరూ కూసోమని అనలేదట."

నిజమే. నిలబెట్టే మాట్లాడాము, నిలబెట్టే ప్రార్థించాము.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సభలో బిషప్‌గా అభిషేకము పొందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో ఆయన తెల్లదొరల ఎదుట నిలబడి ఒక మాట అడిగాడు. మీరు మాకు ఎంతో ఇచ్చారు, ఎంతో త్యాగం చేశారు, కాని మాకు స్నేహితులు కూడా కావాలని ఆయన మనవి. ఆ మాట దొరలకే అనుకున్నాము. అది మాకు కూడా వర్తించింది. ఆయన కాలంలో దోర్నకల్ ప్రాంతపు పేద సంఘాలలో స్త్రీలు వండేముందు పిడికెడు బియ్యం దేవునికని తీసిపెట్టేవారు. మన అవ్వలు ఇప్పటికీ అదే చేస్తున్నారు. ఆ పిడికెడు ఇచ్చేది కడుపు నిండినవారు కాదు. అందుకే దానిని ఎక్కడ ఖర్చు పెడతామో దేవుని ఎదుట భయముతో చూడాలి.

ఇప్పుడు పిడికెడు బియ్యం వేలం వేయడం లేదు. ఎవరింట్లో వండుకునే దారి లేదో వారింటికే పోతున్నది. పెద్దల కూటములో లెక్కల కంటే ముందు, ఏ ఇంట్లో ఏ కష్టముందో మాట్లాడుకుంటున్నాము. గల్ఫ్‌కు పోయే తమ్ముళ్లు డబ్బు కట్టకముందే మా దగ్గరకు రండి. ఏజెంటుకు లైసెన్సు ఉందా, వీసా పని వీసాయేనా, బీమా ఉందా అని కలిసి చూద్దాము. వస్తే తప్పకుండా కూర్చోబెడతాము.

ఆ సహోదరునికి ఆలస్యముగానైనా నలభై వేలు పంపించాము. సగం అప్పు తీరింది. వారింకా తిరిగి రాలేదు. పిల్లల చదువులో పోయిన ఏడాదిని మేము తిరిగి ఇవ్వలేము.

గుమ్మం నుండి ముందు వరుస దాకా గ్రానైటు మీద ఇప్పుడు కొబ్బరిపీచు పట్టా పరిచి ఉంటుంది. నేల అందం కనబడటం లేదని కొందరు అన్నారు. పోనివ్వండి. పోయిన ఆదివారం అవ్వ దాని మీద నడిచి వచ్చి లోపల కూర్చున్నది.

ప్రభువా, నీ పేరు చెప్పి నీ బిడ్డలను నిలబెట్టి పంపిన మమ్మును క్షమించుము. తాళం పడిన ఆ ఇంటి తలుపు మరల తెరువుము. ఆమెన్.