కుండీకి ఒక్క మొక్క



నారు పోసే రోజులు వచ్చాయంటే, స్త్రీల కూడిక ముగిశాక మా దగ్గర మాటలు టమాటా మీదకు పోతాయి. ఇంటి ముందు, మిద్దె మీద కుండీల్లో పెంచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే: "అయ్యగారూ, ఒక కుండీలో ఎన్ని మొక్కలు పెట్టాలి?"

మేము చెప్పే జవాబు చిన్నది. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టయినా, అడుగు వెడల్పు అడుగు లోతున్న సంచయినా ఒక్కటే మొక్క. రెండడుగుల పొడవున్న తొట్టి అయితే పొట్టి రకం రెండు పెట్టవచ్చు. ఐదు లీటర్ల నూనె డబ్బాలో పెద్ద రకం సరిగా కాయదు. పొలంలో మన రైతులు మొక్కకూ మొక్కకూ అడుగున్నర, వరుసల మధ్య ఇంకా ఎక్కువ వదులుతారు. అక్కడ వేరుకు కిందికి పోను భూమి ఉంది. కుండీలో వేరు నాలుగు దిక్కులా గోడకే తగులుతుంది.

మూడు మొక్కలు పెట్టిన కుండీ మొదటి నెలంతా చూడముచ్చటగా ఉంటుంది. పూత దశకు వచ్చేసరికి అసలు సంగతి తెలుస్తుంది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే అయిపోయి మూడూ తలలు వాల్చేస్తాయి. తడి ఒకసారి ఎక్కువై ఒకసారి ఎండిపోతుంటే కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. ఆకు ఆకుకు ఒరుసుకుని గాలి ఆడక, ఒకదానికి వచ్చిన మచ్చ మిగతావాటికీ పాకుతుంది. మూడు మొక్కలు ఉన్నాయని మూడంతల కాయలు రావు.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. కష్టమంతా ఆ తర్వాతే. మొలుస్తుందో లేదోనని రెండు మూడు గింజలు వేస్తాం, అన్నీ మొలుస్తాయి. "పచ్చగా బతికున్నదాన్ని ఎట్లా పీకేది అమ్మగారూ?" అని ఒక సహోదరి మా ఇంట్లో అడిగింది. పారేయమని ఎవరూ చెప్పడం లేదు. నాలుగైదు ఆకులు వచ్చాక, సాయంత్రం పూట కుండీ తడిపి, వేరు తెగకుండా మట్టితో సహా లేపి వేరే కుండీలో పెట్టాలి. కింది ఆకులు తీసేసి కాండాన్ని కాస్త లోతుగా పూడ్చాలి. పూడ్చిన కాండం నుంచి కూడా కొత్త వేళ్లు రావడం టమాటాకు దేవుడిచ్చిన గుణం. రెండు మూడు రోజులు నీడలో వాడినట్టు ఉండి, తర్వాత తల ఎత్తుతుంది.

ఆదికాండము 13వ అధ్యాయం చదివినప్పుడు మాకు ఈ కుండీలే గుర్తొస్తాయి. అబ్రాముకు మందలు పెరిగాయి, లోతుకూ పెరిగాయి. వాళ్లిద్దరినీ కలిపి మోయడానికి ఆ నేల చాలలేదు. కాపరుల మధ్య తగవు మొదలైంది. ఇది ఆశీర్వాదం ఎక్కువై వచ్చిన తగవని గమనించండి. పెద్దవాడైన అబ్రామే, నీకు నచ్చిన వైపు నువ్వు తీసుకో అని చిన్నవాడికి ముందుగా అవకాశం ఇచ్చాడు. తర్వాతి అధ్యాయంలో లోతు చెరపట్టబడితే, తన ఇంట పుట్టిన 318 మందిని వెంటబెట్టుకుని పోయి విడిపించింది కూడా ఆ అబ్రామే. గుడారాలు దూరమయ్యాయి గానీ బంధం తెగలేదు.

ఇప్పుడు మా సంఘం సంగతి. మా మందిరంలో అరవై మంది కూర్చుంటే నిండిపోతుంది. ఈ మధ్య బయట వేపచెట్టు కింద కూడా చాపలు వేస్తున్నాం. నాలుగు కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి తొమ్మిది కుటుంబాలు వస్తున్నాయి. వాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు నడవలేక ఆగిపోతున్నారు. ఆ పల్లెలోనే ఆరాధన పెడదామని మేము అంటే, "ఇప్పుడిప్పుడే నిండింది కదా అయ్యగారూ, మళ్లీ ఖాళీ చేసుకుంటామా?" అన్నారు ఒక పెద్దాయన. ఆయన బాధ మాకు అర్థమైంది. ఆ తొమ్మిది కుటుంబాల కానుక మా ఇంటి బియ్యంలో కూడా ఉంది. అది దాచిపెట్టి ఈ మాటలు రాస్తే వాటికి విలువ ఉండదు.

అయినా ప్రార్థించి నిర్ణయించుకున్నాం. వచ్చే నెల నుంచి వాళ్లు తమ పల్లెలోనే కూడుకుంటారు. వాక్యంలో ఆసక్తిగల ఒక యౌవనస్థుడు నడిపిస్తాడు, సాయంత్రం మేము వెళ్తాం. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్లకు అందరం ఇక్కడే కలుస్తాం. మొదట కొన్నాళ్లు అక్కడ వాడినట్టు ఉండవచ్చు, ఇక్కడ చాపలు ఖాళీగా కనిపించవచ్చు. అప్పుడు మనం తొందరపడి మళ్లీ పీకి తెచ్చి ఇక్కడ నాటకూడదు. నీళ్లు పోస్తూ ఉందాం. వృద్ధి కలుగజేసేవాడు దేవుడే.

మీ కుండీలో, మీ ఇంట్లో, మీ సంఘంలో చోటు చాలక వాడిపోతున్నది ఏదైనా ఉంటే ప్రభువు మీకు చూపించును గాక. దాన్ని లేపి వేరే చోట నాటే ధైర్యం, నాటాక మరచిపోకుండా కాచుకునే ప్రేమ మనకు దయచేయును గాక. ఆమెన్.