గడ్డిమైదానంలో పుట్టువెంట్రుకలు

పుట్టువెంట్రుకలంటే మనకు వెంటనే తిరుమల కొండో, వేములవాడో, యాదగిరిగుట్టో గుర్తొస్తుంది. మేనమామ ఒళ్లో పిల్లాడు, వాడి ఏడుపు, అందరి బుజ్జగింపులు! మంగోలియా వాళ్లకూ ఈ వేడుక ఉందండీ. కాకపోతే అక్కడ గుళ్లో కాదు, ఇంట్లోనే. వచ్చిన చుట్టాలందరూ తలా ఒక పాయ కత్తిరిస్తారు.

మావారి ఉద్యోగరీత్యా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఉన్న రోజుల్లో, 2024 జూలైలో, మా పక్కింటావిడ తన తమ్ముడి కొడుకు వేడుకకని నన్ను పుట్టింటికి తీసుకెళ్లింది. ఊరు దాటాక నాలుగు గంటల ప్రయాణం. కనుచూపుమేర గడ్డే గడ్డి. మధ్యలో తెల్లగా, గుండ్రంగా వాళ్ల గుడారం. దాన్ని ‘గెర్’ అంటారు. చెక్క చట్రం మీద గొర్రెబొచ్చుతో చేసిన దళసరి కంబళి కప్పుతారు. వాకిలి దక్షిణం వైపు. గడప తొక్కకూడదని ఆవిడ ముందే హెచ్చరించింది. “మాకూ అంతేనమ్మా” అన్నాను.

మగపిల్లలకు మూడో ఏటో అయిదో ఏటో, ఆడపిల్లలకు రెండో ఏటో నాలుగో ఏటో తీస్తారు. ముహూర్తం లామాగారు పెడతారు. మొదటి కత్తెర ఎవరు వేయాలన్నది వాళ్లు పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఆయనే చెబుతారు. ఇక్కడ ఆ భాగ్యం నాయనమ్మకు దక్కింది.

కడుపులోంచి తెచ్చుకున్న జుట్టు తీశాకే బిడ్డ పసికందు దశ దాటినట్టు లెక్క. ఒకప్పుడు ఆ చలిలో పిల్లలు దక్కడమే గగనం కదా! దిష్టి తగలకుండా ‘నెర్‌గుయ్’ అని పేరు పెట్టేవారట. అంటే ‘పేరు లేనివాడు’. మన పెంటయ్య, పెంటమ్మలు గుర్తుకు రాలేదూ?

కానీ ఆ ఇంట్లో సందడితో పాటు ఒక దిగులూ ఉంది. 2023-24 చలికాలంలో మంగోలియాకు ‘జుద్’ వచ్చింది. మంచు గడ్డకట్టి, మేత అందక పశువులు నిలువునా చచ్చిపోవడాన్ని అలా అంటారు. దేశం మొత్తం మీద 70 లక్షలకు పైగా పోయాయి. ఈ ఇంట్లో మూడొందల జీవాలకు తొంభై మిగిలాయి. ఉన్నవి అమ్మేసి పట్నం పోదామని పిల్లాడి తండ్రి, వద్దని ముసలాయన. జుద్ దెబ్బ తిన్నవాళ్లు పట్నం అంచున గెర్ వేసుకుని కూలిపనులు వెతుక్కోవడం అక్కడ మామూలే. ఈ వేడుకకు పెద్దవాళ్లు గొర్రెపిల్లనో గుర్రప్పిల్లనో ఇవ్వడం ఆనవాయితీ. ఈసారి ఏమీ వద్దని కొడుకు ముందే చెప్పేశాడట.

కత్తెరకు నీలం పట్టుగుడ్డ కట్టారు. దాన్ని ‘ఖదగ్’ అంటారు. నాయనమ్మ పిల్లాడికి పాలు తాగించి, మొదటి పాయ కత్తిరించి, నుదుట ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత వాడే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. ఒక పాయ, ఒక దీవెన, ఒక కానుక! వాడు ఏడవనే లేదు సుమండీ, ధ్యాసంతా చేతిలో పడే చాక్లెట్ల మీదే. నా వంతూ వచ్చింది. నూటపదహార్లు చదివిద్దామంటే వాళ్ల తుగ్రిక్‌లలో అది మూడు రూపాయలు కూడా కాదు. ఇరవై వేల నోటు పెట్టి, తెలుగులోనే దీవించాను.

తీసిన జుట్టు మనలా దేవుడికివ్వరు. ఖదగ్‌లో మూటకట్టి ఇంట్లోనే దాచుకుంటారు. ఇది మాత్రం నాకు భలే నచ్చింది.

భోజనంలో ‘బూజ్’ పెట్టారు. మైదాపిండి పూరీలో గొర్రె కైమా, ఉల్లిపాయ పెట్టి, అంచులు మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు, అచ్చం మన కుడుముల్లాగే. పెరుగును వడకట్టి, వడియాల్లా ఎండబెట్టిన ‘ఆరూల్’ పళ్లకు పరీక్షే. పాలటీలో చక్కెర ఉండదు, ఉప్పు! రెండో గిన్నెకు అలవాటైపోయింది.

తిండ్లయ్యాక నాయనమ్మ లేచి, పిల్లతో ఉన్న ఒక గొర్రెను మనవడికి ఇస్తున్నానంది. ఇక అది, దాని సంతానం అంతా వాడిదే. తాత వెంటనే బయటికి వెళ్లి దాన్ని వెతికి పట్టుకొచ్చాడు. తండ్రి ఏమీ అనలేదు. వేరే వైపు తిరిగి చాలాసేపు సిగరెట్ కాల్చాడు.

ఆ చలికాలం వాళ్లు పట్నం రాలేదు. వసంతంలో ఆ గొర్రె మళ్లీ ఈనిందని, పుట్టింది ఆడదేనని పక్కింటావిడ చెప్పింది.