గాలికి వదిలిన వేడి

కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో మా అల్లుడి ఆఫీసు చుట్టూ అద్దాల భవనాలు, వాటి చుట్టూ కార్లు నిలిపే ఖాళీ స్థలాలు. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. 5, 405 నంబర్ల ఫ్రీవేలు కలిసే ఆ మూలలోనే 1967 నుంచి 1983 దాకా ఆరెంజ్ కౌంటీ ఇంటర్నేషనల్ రేస్‌వే అనే పావుమైలు పందేల బాట ఉండేదని నేను చెబితేగాని అల్లుడికి తెలియలేదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిళ్ల కోసమే ‘బగ్-ఇన్’ పేరుతో పందేలు అక్కడ 1968లో మొదలయ్యాయి. మిగతా పందేల్లో డొక్కు బీటిల్ వచ్చి పెద్ద పెద్ద వీ8 కార్ల పక్కన నిలబడి, వాటిని వెనక్కి నెట్టి పోయేదట. ఆ బాట ఆనవాలు ఇప్పుడు లేదు. ఆ పందేల కోసం పుట్టిన పనితనం మాత్రం ఆ జిల్లాలో ఇంకా బతికుంది. దాన్ని చూడడానికే ఆ వేసవిలో అమ్మాయి దగ్గర మరికొన్నాళ్లు ఉండిపోయాను.

విజయవాడలో ఇంజన్ల లాబ్ నడిపినవాణ్ణి. మా లెక్కలో గాలితో చల్లారే ఇంజనంటే స్కూటరు, బుల్లెట్టు, పొలం గట్టు మీది డీజిల్ పంపుసెట్టు. రేడియేటరూ నీళ్లూ లేకుండా ఒక పాత ఇంజన్‌తో మూడింతల పని చేయించడం ఎలా సాధ్యమన్నది నా ప్రశ్న. ఎంత శక్తి పెంచితే అంత వేడి పుడుతుంది. ఆ వేడి ఎటు పోవాలి?

జవాబు కోసం అదే కౌంటీలోని ఆరెంజ్ పట్టణానికి వెళ్లాం. పాత ఊరు అది. బీటిల్ ఇంజన్లను దిట్టంగా కట్టడంలో పేరుపడ్డ జీన్ బర్గ్ దుకాణం ఈ ఊళ్లోనే. ఆయన 1996లో పోయారు. కాస్త తూర్పుగా రివర్‌సైడ్‌లో జో విట్టోన్ నడిపిన ‘ఎంపీ’ కంపెనీ ‘ఇంచ్ పించర్’ అనే పందెపు బీటిల్‌తో దేశమంతా పేరు తెచ్చుకుంది. నేను చూడబోయిన షెడ్డుకి అంత పేరు లేదు. బోర్డు కూడా చిన్నదే. అల్లుడు తన ఎలక్ట్రిక్ కారు బయట నిలిపి, “మామయ్యగారూ, గంటలో వచ్చేద్దామా?” అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ రోజు మేం వెళ్లింది పొద్దున్న, తిరిగొచ్చింది చీకటిపడ్డాక.

షెడ్డు యజమానికి డెబ్భై దాటి ఉంటాయి. సహాయకుడు మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చిన కుర్రాడు. ప్రపంచంలో ఆఖరి పాత బీటిల్ 2003 జులై 30న బయటికొచ్చింది వాళ్ల ఊరి ఫ్యాక్టరీ నుంచే. అప్పటికి మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. మెక్సికోలో ఆ కారుని ముద్దుగా ‘వోచో’ అంటారట. నేను గోడ మీది ఫొటోలు చూస్తుంటే కుర్రాడు గర్వంగా ఒక టాక్సీ బొమ్మ చూపించాడు.

బల్ల మీద ఒక బీటిల్ ఇంజన్ కేసు రెండు చెక్కలుగా విప్పి ఉంది. మెగ్నీషియం మిశ్రమం. చేత్తో ఎత్తితే నమ్మలేనంత తేలిక. ఆ తేలికకి మూల్యం ఉంది. ఏళ్ల తరబడి క్రాంకు దెబ్బలకి బేరింగులు కూర్చునే గాళ్లు సాగిపోతాయి. హెడ్డు స్టడ్లు మరలతో సహా ఊడొస్తాయి. అందుకని గాళ్లన్నింటినీ ఒకే వరుసలో మళ్లీ బోరు కొట్టి, స్టడ్ల రంధ్రాల్లో ఉక్కు మరలు బిగిస్తారు. ఆటోనగర్‌లో మా లేత్ మేస్త్రీలు లారీ ఇంజన్లకి చేసే పని ఇదే. తేడా అంతా కొలతల్లో ఉంది. ఇక్కడ ముసలాయన కొలిచిన ప్రతి అంకెనీ పెన్సిలుతో ఒక అట్ట మీద రాస్తాడు. మర్నాడు పొద్దున్న, షెడ్డు చల్లగా ఉన్నప్పుడు, మళ్లీ కొలుస్తాడు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1600 ఇంజన్‌కి బోరు 85.5 మి.మీ., స్ట్రోకు 69 మి.మీ. వెరసి 1584 సీసీ. ఇచ్చేది సుమారు 50 హార్స్‌పవర్. బల్ల మీదున్న దానికి 94 మి.మీ. సిలిండర్లు, 82 మి.మీ. స్ట్రోకు క్రాంకు సిద్ధం చేశారు. నాలుగు సిలిండర్లకీ కలిపి 2276 సీసీ. 150 హార్స్‌పవర్ దాటించాలని ఆశ. సిలిండర్లు నాలుగూ వేటికవే విడివిడిగా ఉంటాయి కాబట్టి పెద్దవి తెచ్చి పెట్టడం తేలికే. కేసులో వాటి గూళ్లు పెంచాలి. పొడుగు స్ట్రోకు వల్ల కనెక్టింగ్ రాడ్డు తిరిగేటప్పుడు కేసు గోడలకి తగులుతుంది. ఆ చోటల్లా గ్రైండరుతో అరగదీయాలి. పాత క్రాంకుకి ఎదురు బరువులు ఉండవు. వేగం పెంచితే అది వంగుతుంది, ఆ వంకరే కేసుని తింటుంది. కొత్త క్రాంకు పోతపని కాదు, ఫోర్జింగు. ఎదురు బరువులతో వచ్చింది. పిస్టన్లనీ రాడ్లనీ తూచి, ఒక గ్రాము తేడా ఉన్నా బరువైనదాన్ని గీకి సరిచేస్తారు.

నాకు ఎక్కువ ఆనందం కలిగించింది బ్యూరెట్టు. మా లాబ్‌లో కెమిస్ట్రీ వాళ్లు వాడేదే. హెడ్డుని తిరగేసి, దహనగది మీద పారదర్శకపు ప్లాస్టిక్ పలక అతికించి, దాని కన్నంలోంచి రంగు ద్రవం చుక్క చుక్కగా వదిలారు. 65 సీసీ పట్టింది. పిస్టను పైకొచ్చినప్పుడు సిలిండరు అంచుకి 1.3 మి.మీ. లోపల ఆగుతుంది, అక్కడ మరో 9 సీసీ. ఒక సిలిండరు ఊడ్చేది 569 సీసీ. నేనూ ఆయనా చెరొక కాగితం మీద లెక్క వేశాం. కంప్రెషన్ 8.7 వచ్చింది. ఇంకా పెంచితే శక్తి పెరగదా అని అడిగాను. “పెరుగుతుంది. కాలిఫోర్నియాలో దొరికే మేలురకం పెట్రోలే 91 ఆక్టేన్. హెడ్డు వేడెక్కితే అది నాకు చెప్పకుండానే పేలుతుంది” అన్నాడు. నీళ్ల ఇంజన్‌లో హెడ్డు వేడి ఒక హద్దులో నిలబడుతుంది. ఇక్కడ వేగం, ఎండ, ఎత్తు, గేరు, అన్నిటినీబట్టి మారుతుంది. అందుకే లెక్కలో ఎప్పుడూ కాస్త వదిలిపెట్టాలి. బజారులో అమ్మే రెడీమేడ్ ఇంజన్లు పెద్ద అంకెలు చూపించి ఈ చోటే పొదుపు చేస్తాయని నా అనుమానం.

ఇక మూడో సిలిండరు కథ. బీటిల్ బాగుచేసే ప్రతివాడికీ దాని మీద జాలి. పాత అమరికలో ఆయిల్ కూలరు ఫ్యాను తొడుగు లోపల నిలువుగా, సరిగ్గా మూడో సిలిండరు పైన ఉండేది. నూనె వేడిని మోసుకొచ్చిన గాలే దాని రెక్కలకి తగిలేది. బంతిలో చివర కూర్చున్నవాడికి అడుగు పులుసు దక్కినట్టు. ఎగ్జాస్టు వాల్వు ముందు పోయేది అక్కడే. కంపెనీ వాళ్లు కొన్ని డిస్ట్రిబ్యూటర్లలో ఆ సిలిండరుకి మాత్రం స్పార్కు కాస్త ఆలస్యంగా అందేలా చేసి సర్దుకున్నారు. 1971 మోడల్‌తో కూలరుని వెనక్కి జరిపి, దాని వేడిగాలి విడిగా బయటికి పోయే గూడు కట్టారు. ముసలాయన ఏ సంవత్సరపు ఇంజన్ కట్టినా ఆ గూడే వాడతాడు.

ఫ్యాను, దాని తొడుగు, సిలిండర్ల చుట్టూ రేకులు. వాటినీ ఆయన ఇంజన్ భాగాల్లాగే చూస్తాడు. కుర్రకారు ఇంజన్ మెరవాలని కింది రేకులు తీసేసి క్రోము సామాను తగిలిస్తారు. అప్పుడు గాలి రెక్కల మధ్యకి పోకుండా తేలిక దారి వెతుక్కుంటుంది. పైగా కిందనుంచి ఎగ్జాస్టు వేడిగాలి పైకెక్కి మళ్లీ ఫ్యానులోకే దూరుతుంది. ఇంజన్ గది అంచుల రబ్బరు పట్టీ చిరిగినా అదే గతి. ప్యూబ్లా కుర్రాడు అలాంటి రేకుల్ని పాత కార్ల నుంచి ఏరి, వంకరలు సరిచేసి దాస్తుంటాడు. కొత్తగా అచ్చుపోసి అమ్మేవి సరిగ్గా కూర్చోవట. నూనె సంగతీ అంతే. ఫ్యాక్టరీ ఇంజన్‌లో పట్టేది రెండున్నర లీటర్లు, ఫిల్టరు కూడా లేదు, జల్లెడ ఒక్కటే. వేడిని మోసే పనిలో నూనెకి పెద్ద వాటా కాబట్టి అడుగున అదనపు సంపు, బయట ఫిల్టరు, రెండో కూలరు తగిలిస్తారు.

మూలన ఒక పోర్షె 911 ఇంజన్ ఉంది, ఆరు సిలిండర్లది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి కనిపించిన ఆ వంశం 1998 దాకా గాలితోనే బతికింది. అల్యూమినియం సిలిండరు లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత పూసే నికసిల్ పద్ధతితో 1973 నాటి కరెరా ఆర్ఎస్ 2.7 లీటర్లకి పెరిగి 210 హార్స్‌పవర్ ఇచ్చింది. 1970లో లే మాన్స్ గెలిచిన 917కి పన్నెండు సిలిండర్లు, నెత్తిన అడ్డంగా తిరిగే పెద్ద ఫ్యాను. నా ప్రశ్నకి జవాబు అప్పటికే ఉందన్నమాట. మరి ఎందుకు మానేశారంటే, సిలిండరుకి నాలుగు వాల్వులు పెట్టాక హెడ్డు మధ్యలోకి గాలి చేరే చోటు మిగలదు. అక్కడికి నీళ్లే వెళ్లగలవు.

ఒక ఆదివారం తెల్లవారుజామున పొమోనా సంతకి వెళ్లాం. ఫెయిర్‌ప్లెక్స్ మైదానంలో పాత కార్లు, విడిభాగాల బజారు. టార్చిలైట్లు పట్టుకుని కార్బ్యురేటర్లు బేరమాడే జనం. వెబర్ 44 జత ఒకటి చూసి ముసలాయన థ్రాటిల్ కడ్డీ పట్టి అటూ ఇటూ ఊపి, ఏమీ అనకుండా కింద పెట్టేశాడు. అరిగిపోయిందని కుర్రాడు నా చెవిలో చెప్పాడు.

తయారైన ఇంజన్ 1967 బీటిల్‌లో ఎక్కింది. కారుగలాయన నడుపుతుంటే ముసలాయన పక్కన, నేను వెనక సీట్లో కూర్చున్నాం. శాన్ హువాన్ కాపిస్ట్రానో నుంచి ఎల్సినోర్ వైపు కొండలెక్కే ఆర్టెగా హైవే, మిట్టమధ్యాహ్నం. వెనకాల అల్లుడు చప్పుడు లేకుండా వస్తున్నాడు. మలుపుల్లో కారుగలాయన నాలుగో గేరులో మెల్లగా లాగబోతే, ముసలాయన మూడో గేరు వేయించాడు. ఇంజన్ గోలపెట్టింది, హెడ్డు ముల్లు మాత్రం దిగింది. ఫ్యానుని తిప్పేది ఇంజనే కదా. చక్రాలు నెమ్మదిగా తిరిగినా ఇంజన్ వేగంగా తిరిగితే గాలి ఎక్కువ వస్తుంది. పైకెక్కేసరికి హెడ్డు 380 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలిచింది. మన లెక్కలో 193. ఆయన హద్దు 400.

ఎల్సినోర్ సరస్సు కనిపించే మలుపులో ఆపాక, ఇంజన్‌ని వెంటనే కట్టేయనివ్వలేదు. కాసేపు ఊరకే తిరగనిచ్చి, అప్పుడు తాళం తిప్పించాడు. స్పార్కు ప్లగ్గు తీసి రంగు చూసి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచుతానన్నాడు. మైలేజీ పడిపోతుందని కారుగలాయన గొణిగాడు.

“హెడ్డు కన్నా పెట్రోలు చవక” అన్నాడు ముసలాయన.

కారుగలాయనకి మెక్సికోలోని బాహా ద్వీపకల్పం మీద మనసు. 1967లో విక్ విల్సన్, టెడ్ మాంగెల్స్ బీటిల్ ఇంజన్ ఉన్న మేయర్స్ మాంక్స్ బగ్గీలో ఆ ద్వీపకల్పపు పందేన్ని 27 గంటల 38 నిమిషాల్లో గెలిచారు. ఆ దారినే తానూ లా పాజ్ దాకా వెళ్లాలట. ముందు మూడొందల మైళ్లు ఇక్కడే నడిపి తీసుకురమ్మనీ, నూనె మార్చి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే వాల్వుల సందు చూస్తాననీ ముసలాయన చెప్పాడు. దిగువకి వెళ్లేటప్పుడు నేను అల్లుడి కారెక్కాను. దాని బ్యాటరీని దేంతో చల్లారుస్తారని అడిగాను. నీళ్ల గొట్టాలుంటాయన్నాడు.