గోస్తని మొగ దగ్గర

విశాఖపట్నంలో నివసించే మనలో చాలామందికి భీమునిపట్నమంటే ఒక ఆదివారపు షికారు మాత్రమే. సముద్రపుటొడ్డు దారిన సాగిపోయి, దీపస్తంభం చూచి, పొద్దుగూకేలోగా తిరిగి వస్తాము. ఆ చిన్న ఊరికి మన నగరం ఎంతగా ఋణపడి ఉన్నదో తలచేవారు అరుదు. మేము కొందరము విద్యార్థులము ఆ ఋణమెంతటిదో తెలుసుకొనగోరి ఒకనాడు అక్కడికి వెళ్ళాము.

మొదటి ఋణం నీటిది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలను తొలుచుకొని వచ్చిన గోస్తనీ నది భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. 1960వ దశకంలో తాటిపూడి వద్ద దానికి అడ్డంగా జలాశయం కట్టారు. ఆ నీటిలో కొంత విశాఖ కుళాయిలకు చేరుతున్నది. ఆవు పొదుగు పేరు ధరించిన ఆ ఏటి పాలు త్రాగి పెరిగినవారిలో మనమూ ఉన్నాము.

రెండవది వర్తకపు ఋణం. 17వ శతాబ్దిలో, ఈ సీమ గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉండగా, ఒలందావారు, అనగా డచ్చివారు, ఈ మొగ దగ్గర కోటయు గిడ్డంగులును ఏర్పరచుకొన్నారు. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైనది. 1861 నాటికే ఇక్కడ పురపాలక సంఘం వెలసినది. ఓడలు దూరాన లంగరు వేసి నిలువగా, పడవలలో సరుకు చేరవేసేవారు. మన పొలాల గోగునారకు ప్రపంచ విపణిలో ‘బిమ్లీ జూట్’ అన్న పేరు ఈ రేవు పెట్టినదే. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ విశాఖ కొత్త రేవులో ప్రవేశించినది. లోతైన రేవు ప్రక్కనే లభించిన తరువాత వర్తకులు భీమిలి మొగను ఏల ఆశ్రయింతురు? రేవు క్రమంగా మూగపోయినది. ఏటి గట్టునున్న చిట్టివలస జనపనార మిల్లు సైతం 2009లో మూతపడినది. పురపాలక సంఘం కూడా తరువాతి కాలంలో మహా విశాఖలో లీనమైనది.

ఒలందావారి శ్మశానంలో కూచిగా లేచిన సమాధుల నడుమ తిరిగాము. కొన్ని పలకల మీది అక్షరాలను ఉప్పుగాలి సగం తినివేసినది. పావురాలకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటికై రాతిలో తొలిచిన తొట్లు ఇంకను ఉన్నవి. ఆ కొండమీదనే నరసింహస్వామి కోవెల ఉన్నది. భీముడు బకాసురుని చంపిన చోటు ఇదేనని ఊరివారు చెప్పుకొంటారు. ఎన్ని మతాలవారు వచ్చినా అందరికీ చోటిచ్చిన ఊరిది.

మొగ దగ్గర వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధ జాలరిని పలుకరించాము. “తాతా, ఏరు ఎలా ఉంది?” అన్నాము. “ఏటుంది బాబూ! వానాకాలంలో తప్ప నీరు రాదు. ఇసక మేటేసి మొగ మూసుకుపోతాది. ఏరు రాకపోతే రొయ్యిపిల్ల ఎక్కడినుంచి వస్తాది?” అన్నాడాయన. మంచినీరు, ఉప్పునీరు కలిసేచోటనే రొయ్యపిల్లలు ఎదుగుతాయన్న సంగతి మేము పుస్తకంలో చదివినదే. కాని ఆ నీటిలో కొంత మా ఇంటి బిందెలో ఉన్నదని ఆ క్షణంలోనే తోచినది. ఆయనకు ఏమి బదులు చెప్పాలో మాకు తెలియలేదు.

నగరం దాహం తీరవలసినదే; అందులో వివాదం లేదు. కాని దాహం తీర్చిన ఏటికి మొగదాకా పారేటంత నీరు మిగల్చడం దయ కాదు, బాకీ తీర్చడం. సమాధులకు, తొట్లకు కావలి పెట్టడం ప్రభుత్వపు పని. చెరిగిపోతున్న అక్షరాలను వ్రాసిపెట్టుకోవడం, జాలరుల నోట మిగిలిన మొగల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు సేకరించడం విద్యార్థులు చేయగల పని. మేము తెచ్చిన నోటుపుస్తకంలో పదకొండు పుటలు మాత్రమే నిండినవి. రాబోయే సంవత్సరపు సోదర విద్యార్థులకు దానిని అప్పగిస్తున్నాము.