టేపు మీద నమ్మకం పెట్టుకోకండి

మొన్న రోహిణి కార్తెలో రాజమండ్రి వెళ్తుంటే, జొన్నాడ దాటాక కారు డోరుకి అంటించిన రెయిన్ వైజర్ గాలికి ఊడి వెనకాలొచ్చే బండి ముందు పడిందండి. బండి మీద భార్యాభర్తలు, మధ్యలో చంటిపిల్ల. ఆయన బ్రేక్ కొట్టబట్టి సరిపోయింది. నాకు కాళ్ళు వణికిపోయాయి.

తప్పు నాదే. దాళ్వా ధాన్యం ఒబ్బిడి అయ్యేదాకా కారు కళ్ళం దగ్గర ఎండలోనే ఉంది. రేకు కాలితే జిగురు మెత్తబడుద్ది. ప్లాస్టిక్కూ రేకూ ఒకేలా సాగవు. పైగా దుమ్ము మీదే అంటించి, గంటలో నీళ్ళు పోసి కడిగేశాను. డబుల్ టేపు పూర్తిగా పట్టడానికి మూడు రోజులు పడుద్దంట.

స్పిరిట్‌తో తుడిచి, ఆరాక నీడలో అంటించండి. అంచు లేచిందా, ఆ రోజే పీకెయ్యండి. ప్లాస్టిక్ ముక్క పోతే పోయింది, మనిషి పోతే ఎవరు తెస్తారండి?